ఉబుంటులో టెసరాక్ట్‌ను సోర్స్ కోడ్ నుంచి నిర్మించుకుని తెలుగు పుటలు చదివించడం: సమగ్ర మార్గదర్శి

పాత పుస్తకపు పుటను స్కాన్ చేస్తే కంప్యూటరుకు దక్కేది బొమ్మ మాత్రమే. అందులో ఒక పేరును వెతకలేము, ఒక అచ్చుతప్పును దిద్దలేము. ఆ బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి, మనం మామూలుగా టైప్ చేసుకున్న పాఠంలా చేతికందించే పనిముట్టు టెసరాక్ట్. దీనికి కిటికీలు, బొత్తాలు ఉండవు. టెర్మినల్‌లో ఆదేశం రాసి నడిపించాలి. 1985–1994 మధ్య హ్యూలెట్-ప్యాకార్డ్ ప్రయోగశాలల్లో ఇది రూపుదిద్దుకుంది. 2005లో ఆ సంస్థ దీని సోర్స్ కోడ్‌ను అందరికీ విడుదల చేసింది. 2006 నుంచి 2018 వరకు దీని అభివృద్ధి గూగుల్ చేతుల్లో సాగింది, ఆ తర్వాత స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు దీన్ని ముందుకు తీసుకువెళుతున్నారు. అపాచీ 2.0 లైసెన్సు కింద ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

తెలుగు చదువరికి వీటన్నిటికంటే ముఖ్యమైన మలుపు 2018లో 4వ వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు ఒక్కొక్క అక్షరాన్ని విడదీసి పోల్చి చూసే పద్ధతి ఉండేది. కింద వత్తు, పైన గుడి, పక్కన కొమ్ము చేరి ఒకే అక్షరం మూడు దిక్కులా విస్తరించే మన లిపికి ఆ పద్ధతి సరిగా అమరలేదు. 4వ వెర్షన్‌లో ఎల్‌ఎస్‌టీఎం అనే న్యూరల్ నెట్‌వర్క్ వచ్చి, పంక్తిని పంక్తిగానే చదవడం మొదలుపెట్టింది. 2021 నవంబరులో విడుదలైన 5.0 అదే లెక్కలను తక్కువ మెమరీతో, ఎక్కువ వేగంతో చేస్తుంది.

ఇంతకీ సోర్స్ నుంచి నిర్మించుకోవడం అవసరమా అన్న ప్రశ్న మొదట వేసుకోవాలి. ఉబుంటు 24.04 వాడుతున్నవారికి, ఆ సిస్టమ్‌లో ప్రోగ్రాములను తెచ్చిపెట్టే యాప్ట్ ద్వారానే 5.3.4 దొరుకుతుంది. కేవలం పుటలు చదివించుకోవడమే పని అయితే వారు ఈ శ్రమ పడనక్కరలేదని నా అభిప్రాయం. ఉబుంటు 22.04లో మాత్రం యాప్ట్ ఇచ్చేది 4.1.1. కంప్యూటరు పాతదై 22.04 దగ్గరే ఆగినవారికీ, సొంత అచ్చుల మీద నమూనాకు శిక్షణ ఇవ్వాలనుకునేవారికీ, కొత్త విడుదల వెంటనే కావలసినవారికీ ఈ దారి పనికివస్తుంది. మా ఊరి గ్రంథాలయం పాత వార్షిక సంచికలను పాఠంగా మార్చే పని మీద వేసుకున్నప్పుడు నేను ఈ దారి పట్టాను. దిగువ వివరణ అంతా ఉబుంటు 22.04ను దృష్టిలో పెట్టుకుని రాసింది.

ఆదేశాలను చదివే పద్ధతి

పక్కన కూర్చున్నవారికి పలికి చెబుతూ టైప్ చేయించినట్టు, ఇక్కడ ఆదేశాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే కొట్టాలి. చుక్క, వాలుగీత, అడ్డగీత, కిందిగీత, అంకెలు మాత్రం కనిపించినవి కనిపించినట్టే ఉంటాయి. ఖాళీ వదిలిన ప్రతిచోటా ఖాళీ వదలాలి; లేనిచోట వదలకూడదు. ప్యాకేజీ పేరు స్పెల్లింగు మీద అనుమానం వస్తే మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి ట్యాబ్ మీటను రెండుసార్లు నొక్కండి. ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ టెర్మినలే చూపిస్తుంది. ఈ అలవాటు ఒక్కటి ఉంటే సగం పొరపాట్లు దగ్గరికి రావు.

ముందుగా ఇల్లు చూసుకోవడం

కొత్తది కట్టే ముందు పాతది ఉందో లేదో చూడాలి. టెర్మినల్ తెరిచి ఈ ఆదేశం ఇవ్వండి:

టైప్ -ఏ టెసరాక్ట్

ఏమీ దొరకలేదని జవాబు వస్తే రంగం శుభ్రంగా ఉన్నట్టు. /యూఎస్‌ఆర్/బిన్/టెసరాక్ట్ అని వస్తే యాప్ట్ పెట్టిన ప్రతి ఇప్పటికే ఉన్నట్టు. రెండూ పక్కపక్కనే ఉండగలవు. మనం కట్టుకునేది /యూఎస్‌ఆర్/లోకల్ కిందికి వెళుతుంది, ఉబుంటు ఏ ఆదేశాన్నయినా మొదట అక్కడే వెతుకుతుంది. అయినా పాతదాన్ని తీసివేయమనే చెబుతాను. రెండు ప్రతులు ఉన్న కంప్యూటరులో ఒకటి తనకు భాషను నేర్పే శిక్షణ ఫైళ్లను ఒకచోట, రెండోది మరొకచోట వెతుక్కుంటుంది. ఏది నడుస్తోందో, ఏది ఏ ఫైలును చదువుతోందో తెలియని అయోమయంలో నేను ఒక పూట మొత్తం పోగొట్టుకున్నాను. కొత్త వెర్షన్ పెట్టాననుకుని వచ్చిన పాఠాన్ని దిద్దుతూ కూర్చున్నాను; చివరికి చూస్తే ఆ పుటలన్నీ చదివింది పాత 4.1.1. తీసివేయడానికి ఆదేశం ఇది (ముందున్న సుడో, నిర్వాహక అధికారంతో నడపమని చెబుతుంది):

సుడో యాప్ట్ రిమూవ్ టెసరాక్ట్-ఓసీఆర్

మీ హోమ్ ఫోల్డరులోని .బాష్‌ఆర్‌సీ ఫైలులో టెస్‌డేటా_ప్రిఫిక్స్ అనే వరుస ఎప్పుడైనా రాసి ఉంటే, దాన్ని కూడా ఇప్పుడే తుడిచి, ఆ టెర్మినల్‌ను మూసి కొత్తది తెరవండి. ఆ ఒక్క వరుస తర్వాత ఎంత ఇబ్బంది పెడుతుందో శిక్షణ ఫైళ్ల దగ్గర చెబుతాను.

గడియారం కూడా ఒకసారి చూడండి. మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయిన పాత డెస్క్‌టాప్‌లలో తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతూ ఉంటుంది. నిర్మాణ పనిముట్లు ఏ ఫైలు కొత్తది, ఏది పాతది అన్నది తేదీని బట్టే తేలుస్తాయి కనుక, తేదీ తప్పితే అవి మొదట్లోనే ఆగిపోతాయి.

పనిముట్లు, ముడిసరుకు

సోర్స్ కోడ్ అంటే మనుషులు రాసి, మనుషులు చదవగలిగిన సీ++ భాషా ఫైళ్ల మూట. దాన్ని యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చడమే కంపైల్ చేయడం. అందుకు కావలసిన కంపైలరు, నిర్మాణాన్ని నడిపే మేక్, సోర్స్‌ను దింపే గిట్ వగైరాలను ముందుగా తెచ్చుకుందాం:

సుడో యాప్ట్ అప్‌డేట్

సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ ఆటోకాన్ఫ్ ఆటోమేక్ లిబ్‌టూల్ పీకేజీ-కాన్ఫిగ్ గిట్

టెసరాక్ట్ 5కు సీ++17 ప్రమాణం తెలిసిన కంపైలరు కావాలి. 22.04లో వచ్చే జీసీసీ 11కు అది తెలుసు కనుక ఇక్కడ చింత లేదు. ఆ తర్వాత లైబ్రరీలు, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధమైన కోడ్ మూటలు:

సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌లెప్టోనికా-డెవ్ లిబ్‌పీఎన్‌జీ-డెవ్ లిబ్‌జేపెగ్-డెవ్ లిబ్‌టిఫ్-డెవ్ లిబ్‌వెబ్‌పీ-డెవ్ జెడ్‌లిబ్1జీ-డెవ్

ఈ వరుసలో ప్రాణం వంటిది లెప్టోనికా. బొమ్మను తెరవడం, నలుపు తెలుపుల్లోకి మార్చడం వంటి చేతిపనులన్నీ టెసరాక్ట్ తరఫున చేసేది అదే. అది లేకపోతే నిర్మాణం మొదలే కాదు. మిగిలినవి పీఎన్‌జీ, జేపెగ్, టిఫ్ వంటి బొమ్మల రకాలకు సంబంధించినవి. పేర్ల చివర ఉన్న "డెవ్" అన్న ముక్కను తేలికగా తీసుకోకండి. డెవ్ లేని ప్యాకేజీ ఒక లైబ్రరీని వాడుకోవడానికి సరిపోతుంది. ఆ లైబ్రరీ మీద ఆధారపడే కొత్త ప్రోగ్రామును నిర్మించాలంటే దాని హెడర్ ఫైళ్లు కూడా కావాలి, అవి డెవ్ ప్యాకేజీలోనే ఉంటాయి. "లైబ్రరీ ఉంది కదా, లేదంటుందేమిటి" అని కొత్తవారు అయోమయపడే సందర్భాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

శిక్షణ పనిముట్లు కూడా కావాలనుకునేవారు లిబ్‌ఐసీయూ-డెవ్, లిబ్‌పాంగో1.0-డెవ్, లిబ్‌కైరో2-డెవ్ అనే మూడింటినీ చేర్చుకోవాలి. చదివించడమే పని అయితే అవి వద్దు.

సోర్స్ కోడ్ తెచ్చుకోవడం

హోమ్ ఫోల్డరులో సోర్స్ కోసం వేరే చోటు పెట్టుకోండి. ఆ దారిలో ఎక్కడా ఖాళీ ఉన్న పేరు రాకూడదు. "నా పనులు" వంటి రెండు మాటల ఫోల్డరు పేరు చూస్తే ముందు రాబోయే కాన్ఫిగర్ దశ ఆ దారి సురక్షితం కాదని చెప్పి నిలిచిపోతుంది. పెన్‌డ్రైవు మీద, విండోస్‌తో పంచుకునే డ్రైవు మీద కూడా ఈ పని పెట్టుకోవద్దు. అక్కడ ఫైళ్లకు నడిచే అనుమతి నిలవకపోవచ్చు, అప్పుడు ఏ స్క్రిప్టు నడిపినా "పర్మిషన్ డినైడ్" అనే జవాబే వస్తుంది.

ఎంకేడీఐఆర్ -పీ ~/సోర్స్

సీడీ ~/సోర్స్

గిట్ క్లోన్ --డెప్త్ 1 --బ్రాంచ్ 5.5.0 హెచ్‌టీటీపీఎస్://గిట్‌హబ్.కామ్/టెసరాక్ట్-ఓసీఆర్/టెసరాక్ట్.గిట్

సీడీ టెసరాక్ట్

"డెప్త్ 1" అనడంలో ఉద్దేశం, ఏళ్ల తరబడి జరిగిన మార్పుల చరిత్ర అంతా కాకుండా ఆ ఒక్క విడుదలను మాత్రమే దింపుకోవడం. మొబైల్ డేటా మీద పనిచేసేవారికి ఇది ఎంతో మేలు. "బ్రాంచ్ 5.5.0" అని అంకె చెప్పకపోతే, ఆ రోజుకు ఇంకా పరీక్షల్లో ఉన్న ప్రతి దిగుతుంది. రోజువారీ పనికి అది వద్దు, విడుదలైన అంకెనే తీసుకోండి. దింపుకోవడం పూర్తయ్యాక "డిటాచ్డ్ హెడ్" అంటూ గిట్ ఒక పెద్ద పేరా చూపిస్తుంది. అది తప్పు కాదు; మీరు ఒక స్థిరమైన విడుదల దగ్గర ఆగి ఉన్నారని చెప్పడం మాత్రమే.

కాన్ఫిగర్: తొందరపడకూడని దశ

గిట్ నుంచి తెచ్చిన ప్రతిలో కాన్ఫిగర్ స్క్రిప్టు సిద్ధంగా ఉండదు. దాన్ని పుట్టించే చిన్న స్క్రిప్టు వేరే ఉంది:

./ఆటోజెన్.ఎస్‌హెచ్

ముందున్న చుక్క, వాలుగీత "ఈ ఫోల్డరులో ఉన్నదాన్నే నడుపు" అని చెబుతాయి. వాటిని వదిలేస్తే ఆదేశం దొరకలేదంటుంది. కొద్దిసేపట్లో పని పూర్తయిందన్న మాట వస్తుంది. ఇప్పుడు నిర్మాణానికి వేరే ఫోల్డరు తెరిచి అందులోకి వెళ్లాలి:

ఎంకేడీఐఆర్ బిల్డ్

సీడీ బిల్డ్

../కాన్ఫిగర్

సోర్స్ ఉన్నచోటే నిర్మించినా పని జరుగుతుంది. అయితే వేరే ఫోల్డరులో నిర్మిస్తే, ఏదైనా బెడిసికొట్టినప్పుడు ఆ ఒక్క ఫోల్డరును తుడిచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. మూల ఫైళ్ల జోలికి వెళ్లనక్కరలేదు.

కాన్ఫిగర్ చేసేది తనిఖీ. మీ కంప్యూటరులో కంపైలరు ఉందా, అది ఏ ప్రమాణాన్ని అర్థం చేసుకుంటుంది, ప్రాసెసరుకు ఏ అదనపు శక్తులున్నాయి, లెప్టోనికా ఎక్కడుంది అని ఒక్కొక్కటే అడుగుతూ, ప్రతి ప్రశ్నకూ అవునో కాదో జవాబు తెర మీద రాస్తూ పోతుంది. ఈ వరుసలు కళ్ల ముందు పరుగెడుతుంటే చాలామంది చూపు తిప్పుకుంటారు. నా అనుభవంలో ఈ మొత్తం పనిలో శ్రద్ధగా చదవవలసిన చోటు ఇదే. తర్వాత వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ముందుగా కనిపిస్తాయి.

"నో" అని కనిపించిన ప్రతిచోటా కంగారుపడనక్కరలేదు. మరో ప్రాసెసరు కుటుంబానికి చెందిన సదుపాయం మీ దగ్గర లేదని చెప్పినా, ఐచ్ఛికమైన లైబ్రరీ దొరకలేదని చెప్పినా పని ఆగదు. "ఎర్రర్" అన్న మాటతో మొదలై, ఆ వెంటనే టెర్మినల్ మళ్లీ మీ ఆదేశం కోసం ఎదురుచూస్తే మాత్రం ఆగి చదవాలి. తరచుగా ఎదురయ్యేది ఇది: లెప్టోనికా 1.74 గానీ అంతకన్నా కొత్తది గానీ అవసరమనీ, లిబ్‌లెప్టోనికా-డెవ్ ప్యాకేజీని పెట్టి చూడమనీ చెబుతుంది. రోగం పేరుతోపాటు మందు పేరు కూడా ఆ వాక్యంలోనే ఉంది. 22.04లోని లెప్టోనికా 1.82 కనుక డెవ్ ప్యాకేజీ పెట్టి కాన్ఫిగర్‌ను మళ్లీ నడిపితే సరిపోతుంది. తెర మీది కారణం అర్థం కాకపోతే బిల్డ్ ఫోల్డరులో కాన్ఫిగ్.లాగ్ అనే ఫైలు ఉంటుంది. తనిఖీ ఎక్కడ తప్పిందో, అప్పుడు కంపైలరు ఏమన్నదో అందులో పూర్తిగా నమోదై ఉంటుంది.

తనిఖీ విజయవంతమైతే కాన్ఫిగరేషన్ పూర్తయిందనీ, ఇక మేక్ నడపవచ్చనీ చివర కొన్ని వరుసలు వస్తాయి. శిక్షణ పనిముట్లకు కావలసినవి లేకపోతే వాటిని నిర్మించలేమని కూడా అక్కడే చెబుతుంది. మీకు అవి అక్కరలేకపోతే ఆ హెచ్చరికను దాటి ముందుకు వెళ్లవచ్చు.

మేక్

మేక్ -జే2

జే పక్కనున్న అంకె, ఒకేసారి ఎన్ని ఫైళ్లను కంపైల్ చేయాలో చెబుతుంది. ఎన్‌ప్రాక్ అనే ఆదేశం ఇస్తే మీ ప్రాసెసరులో ఎన్ని కోర్లు ఉన్నాయో తెలుస్తుంది. అంత అంకె ఇవ్వవచ్చు. అయితే సీ++ ఫైలు ఒక్కొక్కటి కంపైల్ కావడానికి గణనీయమైన మెమరీ తింటుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటరులో బ్రౌజరు కూడా తెరిచి ఉంచి 8 అని ఇస్తే, మధ్యలో కంపైలరు "కిల్డ్" అన్న మాటతో కూలిపోతుంది. అది కోడ్‌లోని తప్పు కాదు. మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమే దాన్ని ఆపేసింది. బ్రౌజరు మూసి, అంకె తగ్గించి మళ్లీ మేక్ నడపండి. అప్పటికే పూర్తయిన ఫైళ్లను వదిలి, మిగిలినవాటి దగ్గర నుంచే అది అందుకుంటుంది.

నిజమైన ఎర్రర్ వచ్చినప్పుడు అందరూ చేసే పొరపాటు, తెర అడుగున ఉన్న చివరి వరుసను చదివి దాన్నే వెతకడం. ఆ చివరి వరుస "మేక్ ఆగిపోయింది" అని మాత్రమే చెబుతుంది. పైకి జరుపుకుంటూ వెళ్లి "ఎర్రర్" అన్న మాట మొట్టమొదట ఎక్కడ వచ్చిందో పట్టుకోండి. సంగతి అక్కడ ఉంటుంది, దాని కింద ఉన్నవన్నీ దాని పర్యవసానాలే. "వార్నింగ్" అని వచ్చేవి నిర్మాణాన్ని ఆపవు, వాటిని పట్టించుకోనక్కరలేదు.

ఇక్కడ సుడో వాడకండి. కంపైల్ చేయడానికి అధికారం అక్కరలేదు. సుడోతో మేక్ నడిపితే బిల్డ్ ఫోల్డరులోని ఫైళ్లన్నీ నిర్వాహక ఖాతా అయిన రూట్ పేరు మీదికి వెళ్లి, రేపు వాటిని తుడవాలన్నా, మళ్లీ నిర్మించాలన్నా అడుగడుగునా అనుమతి లేదన్న మాటే ఎదురవుతుంది.

కంప్యూటరులో ప్రతిష్ఠించడం

సుడో మేక్ ఇన్‌స్టాల్

సుడో ఎల్‌డీకాన్ఫిగ్

మొదటి ఆదేశం ప్రోగ్రామును /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌లోనూ, దాని లైబ్రరీని /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్‌లోనూ, సహాయక ఫైళ్లను /యూఎస్‌ఆర్/లోకల్/షేర్/టెస్‌డేటాలోనూ పెడుతుంది. సిస్టమ్ సొంత ఫోల్డర్లలో రాయాలి కనుక ఇక్కడ మాత్రం సుడో తప్పదు. రెండో ఆదేశాన్ని మరచిపోయేవారు ఎక్కువ. సిస్టమ్‌లో ఏ లైబ్రరీ ఎక్కడుందో చెప్పే చిట్టా ఒకటి ఉంటుంది. ఎల్‌డీకాన్ఫిగ్ ఆ చిట్టాను కొత్తగా రాస్తుంది. అది నడపకుండా టెసరాక్ట్ అని కొడితే, లిబ్‌టెసరాక్ట్ పేరుతో మొదలై 5తో ముగిసే లైబ్రరీని తెరవలేకపోయానన్న ఎర్రర్ వస్తుంది. లైబ్రరీ అక్కడే ఉంటుంది, చిట్టాకు మాత్రం దాని సంగతి ఇంకా తెలిసి ఉండదు.

ఇప్పుడు పరీక్ష:

హ్యాష్ -ఆర్

టెసరాక్ట్ --వెర్షన్

ఇంతకుముందు ఇదే టెర్మినల్‌లో పాత టెసరాక్ట్ నడిచి ఉంటే దాని దారి టెర్మినల్‌కు గుర్తుండిపోతుంది. హ్యాష్ ఆదేశం ఆ జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. వెర్షన్ అడిగినప్పుడు మొదటి వరుసలో 5.5.0, రెండో వరుసలో లెప్టోనికా వెర్షన్, ఆ కింద అది చదవగల బొమ్మల రకాలకు చెందిన లైబ్రరీలు కనిపించాలి. ఇక్కడ 4.1.1 కనిపిస్తే వెనక్కి వెళ్లి టైప్ -ఏ టెసరాక్ట్ మళ్లీ నడపండి.

శిక్షణ ఫైళ్లు: తెలుగు వచ్చేది ఇక్కడే

మేక్ ఇన్‌స్టాల్ భాషలను తీసుకురాదు. ఈ దశలో టెసరాక్ట్‌కు కళ్లున్నాయి కానీ ఏ లిపీ రాదు. ప్రతి భాషకూ ట్రెయిన్డ్‌డేటా అన్న పొడిగింపు ఉన్న ఫైలు ఒకటి విడిగా తెచ్చుకోవాలి. తెలుగు ఫైలు పేరు టెల్. అంటే టీ, ఈ, ఎల్ అనే మూడక్షరాలు.

ఈ ఫైళ్లు గిట్‌హబ్‌లో మూడు భాండాగారాల్లో ఉన్నాయి. టెస్‌డేటా_ఫాస్ట్‌లోవి చిన్నవి, వేగంగా చదువుతాయి. ఉబుంటు తన ప్యాకేజీల్లో ఇచ్చేవి ఇవే. టెస్‌డేటా_బెస్ట్‌లోవి నెమ్మదిగా, మరింత జాగ్రత్తగా చదువుతాయి. తర్వాత సొంత అచ్చుల మీద శిక్షణను కొనసాగించాలంటే ఆధారంగా పనికివచ్చేవి కూడా ఇవే. ఏ అదనపు పేరూ లేని టెస్‌డేటా భాండాగారం పాత పద్ధతి నమూనాలను కూడా కలిపి ఇస్తుంది. పుస్తకాలను భద్రపరచే పనిలో ఒక పుటకు కొన్ని క్షణాలు ఎక్కువైనా నష్టం లేదు, తప్పులు దిద్దే మనిషి సమయమే విలువైనది. కనుక నేను బెస్ట్‌నే ఎంచుకుంటాను.

సీడీ ~/సోర్స్

డబ్ల్యూగెట్ హెచ్‌టీటీపీఎస్://గిట్‌హబ్.కామ్/టెసరాక్ట్-ఓసీఆర్/టెస్‌డేటా_బెస్ట్/రా/మెయిన్/టెల్.ట్రెయిన్డ్‌డేటా

మధ్యలో ఉన్న "రా" అన్న మాట కీలకం. బ్రౌజరులో ఫైలు పేరు మీద కుడి మీట నొక్కి లింకును భద్రపరిస్తే దిగేది శిక్షణ ఫైలు కాదు, దాన్ని చూపించే వెబ్ పేజీ. పేరు ఒక్కటే కావడంతో చూడగానే తేడా తెలియదు. అందుకే దింపిన వెంటనే ఫైల్ టెల్.ట్రెయిన్డ్‌డేటా అనే ఆదేశం ఇవ్వండి. జవాబులో హెచ్‌టీఎంఎల్ అన్న మాట కనిపిస్తే దాన్ని పారేసి మళ్లీ దింపండి. పరిమాణం కూడా కిలోబైట్లలో కాక మెగాబైట్లలో ఉండాలి. ఇదే పద్ధతిలో ఇంగ్లీషు ఫైలు ఇంగ్, పుట ఏ దిక్కుకు తిరిగి ఉందో కనిపెట్టే ఫైలు ఓఎస్‌డీ కూడా తెచ్చుకోండి. ఆ తర్వాత మూడింటినీ వాటి చోటుకు చేర్చాలి:

సుడో సీపీ *.ట్రెయిన్డ్‌డేటా /యూఎస్‌ఆర్/లోకల్/షేర్/టెస్‌డేటా/

టెసరాక్ట్ --లిస్ట్-లాంగ్స్

చివరి ఆదేశానికి జవాబుగా మూడు పేర్లూ కనిపిస్తే పని కుదిరినట్టు. జాబితా ఖాళీగా వచ్చినా, ఫైలు తెరవలేకపోయానంటూ వేరే ఫోల్డరు పేరు చెప్పినా, మొదట అనుమానించవలసింది టెస్‌డేటా_ప్రిఫిక్స్‌నే. అది ఎక్కడైనా రాసి ఉంటే, టెసరాక్ట్ తన సొంత ఫోల్డరును వదిలి అది చూపిన చోటే వెతుకుతుంది. 3వ వెర్షన్ కాలంలో అది టెస్‌డేటా ఫోల్డరుకు పైనున్న ఫోల్డరును చూపాలి. ఇప్పుడు నేరుగా టెస్‌డేటానే చూపాలి. పాత పద్ధతిలో రాసిన వరుస మిగిలిపోయినందువల్ల అన్నీ సరిగా చేసినవారు కూడా ఇక్కడ చిక్కుకుంటారు. ఆ వరుస అసలు లేకపోవడమే మేలు.

మొదటి పుట

పుటను 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర స్కాన్ చేయండి. అంతకు తగ్గితే వత్తులు మసకబారి, మనిషికే అనుమానం కలిగేలా తయారవుతాయి. మీ దగ్గరున్నది పీడీఎఫ్ అయితే టెసరాక్ట్ దాన్ని నేరుగా చదవదు. పాప్లర్-యుటిల్స్ ప్యాకేజీలోని పీడీఎఫ్‌టూపీపీఎం పనిముట్టుతో ముందు బొమ్మలుగా మార్చుకోవాలి. బొమ్మ పేరు పుట.పీఎన్‌జీ అనుకుంటే:

టెసరాక్ట్ పుట.పీఎన్‌జీ పుట -ఎల్ టెల్ --పీఎస్‌ఎం 6

దీంతో పుట.టీఎక్స్‌టీ అనే ఫైలు పుడుతుంది. పొడిగింపును అదే చేర్చుకుంటుంది కనుక రెండోసారి పేరు చెప్పేటప్పుడు మనం చేర్చకూడదు. ఎల్ అన్నచోట భాష చెప్పడం మరిస్తే ఇంగ్లీషు అనుకుని చదివి, అర్థంలేని అక్షరాల కుప్ప చేతికిస్తుంది. పీఎస్‌ఎం అన్నది పుట అమరిక. 6 అంటే పుటంతా ఒకే పాఠపు దిమ్మ అని అర్థం. వ్యాసాలకు, కథలకు ఇది బాగా పనిచేస్తుంది. రెండు నిలువు వరుసల సంచికలకు ఏమీ చెప్పకుండా వదిలేయండి. అప్పుడు 3 అనే సహజ అమరికతో అదే విభజించుకుంటుంది. రెండు నిలువు వరుసల పుటకు 6 ఇస్తే ఎడమ వరుసలోని సగం వాక్యానికి కుడి వరుసలోని సగం వాక్యం అతుక్కుని వస్తుంది.

వచ్చిన పాఠాన్ని పుట పక్కన పెట్టుకుని ఒక్క పేరా అయినా అక్షరం అక్షరం పోల్చి చూడండి. తలకట్టు అతుకులో మాత్రమే తేడా ఉన్న ప, వ లు, చుక్క ఒక్కటే తేడా అయిన ధ, థ లు, మ, య లు ఒకదాని బదులు ఒకటి రావడం మీరే గమనిస్తారు. బండి ఱ, అరసున్న ఉన్న పాత అచ్చులలో మరింత జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు మాటలు కలిసిన పుటకు టెల్+ఇంగ్ అని రెండు భాషలూ ఇవ్వవచ్చు. కానీ అచ్చంగా తెలుగే ఉన్న పుటకు ఇంగ్లీషు చేర్చవద్దు. మన సున్నను ఇంగ్లీషు ఓ గానో, 0 అంకెగానో చదివే ప్రమాదం అప్పుడు పెరుగుతుంది. కంటికి ఒకేలా కనిపించే ఆ తప్పును తర్వాత పట్టుకోవడం చాలా కష్టం.

పుట బొమ్మను అలాగే ఉంచి దాని వెనక వెతకగలిగే పాఠాన్ని దాచిన పీడీఎఫ్ కావాలంటే అదే ఆదేశం చివర ఖాళీ వదిలి పీడీఎఫ్ అని చేర్చండి.

సుడో లేని కంప్యూటరులో

కళాశాల ప్రయోగశాలలోనో, ఆఫీసులోనో అధికారం మీ చేతిలో లేకపోతే, డెవ్ ప్యాకేజీలను అక్కడి నిర్వాహకుల చేత పెట్టించుకుని, మిగిలినదంతా మీ హోమ్ ఫోల్డరులోనే కట్టుకోవచ్చు. కాన్ఫిగర్ దశలో ../కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=$హోమ్/.లోకల్ అని ఇవ్వాలి. ఇక్కడ డాలరు గుర్తు పక్కనున్న హోమ్ ఒక్కటే పెద్ద అక్షరాల్లో కొట్టాలి. తర్వాత మేక్, ఆపైన సుడో లేకుండా మేక్ ఇన్‌స్టాల్. లైబ్రరీ దారిని లిబ్‌టూల్ ప్రోగ్రాములోనే రాసి పెడుతుంది కనుక ఎల్‌డీకాన్ఫిగ్‌తో పనిలేదు. శిక్షణ ఫైళ్లు ~/.లోకల్/షేర్/టెస్‌డేటాలోకి వెళ్లాలి. ఒకసారి లాగౌటై మళ్లీ లాగినైతే ఉబుంటు ~/.లోకల్/బిన్‌ను కూడా తన వెతుకులాటలో చేర్చుకుంటుంది.

మార్చడం, తీసివేయడం

బిల్డ్ ఫోల్డరును పని అయిపోయిందని తుడిచేయకండి. సోర్స్ నుంచి కట్టిన ప్రోగ్రాము సంగతి యాప్ట్‌కు తెలియదు. ఏ ఫైలు ఎక్కడ పెట్టారో తెలిసినది ఆ ఫోల్డరులోని మేక్ ఫైలుకు మాత్రమే. కొత్త విడుదల వచ్చినప్పుడు ముందుగా పాత బిల్డ్ ఫోల్డరులోకి వెళ్లి ఈ రెండూ నడపాలి:

సుడో మేక్ అన్ఇన్‌స్టాల్

సుడో ఎల్‌డీకాన్ఫిగ్

తర్వాత పాత సోర్స్ ఫోల్డరు పేరు మార్చి పక్కన పెట్టి, కొత్త అంకెతో గిట్ క్లోన్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. కొత్తది సరిగా నడుస్తోందని నాలుగు పుటలు చదివించి చూసుకున్నాకే పాత ఫోల్డరును తుడవండి. మీరు చేత్తో తెచ్చిపెట్టిన శిక్షణ ఫైళ్లను అన్ఇన్‌స్టాల్ తాకదు. కొత్త వెర్షన్ వాటినే వాడుకుంటుంది. టెసరాక్ట్‌ను పూర్తిగా వదిలేయాలనుకుంటే మాత్రం /యూఎస్‌ఆర్/లోకల్/షేర్/టెస్‌డేటా ఫోల్డరును మీరే సుడోతో తుడవాలి. తుడిచే ముందు, మీరు సొంతంగా శిక్షణ ఇచ్చిన ఫైలు ఏదైనా అందులో ఉంటే దాన్ని హోమ్ ఫోల్డరులోకి తీసి పెట్టుకోండి.